ముందే నింపిన కారణం గడి

మనవరాలి ఫోన్ ఆట గురించి రోజూ రాసిపెట్టమని నన్ను అడిగింది మా అల్లుడు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు మా ఇంట్లోనే కాదు, మా వీధిలో కూడా లేరని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

నేను బొగ్గుబాయిలో సర్దార్‌గా పనిచేసి రిటైరయ్యాను. షిఫ్టు మనుషులు లోపలికి రాకముందే దిగి, పని జరిగే చోటంతా తిరిగి, పైకప్పు గట్టిగా ఉందా, గాలి ఆడుతోందా, గ్యాస్ ఉందా అని చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టడం సర్దార్ పని. ఆ సంతకం పడకపోతే ఎవరూ లోపలికి కదలకూడదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పుస్తకం రాశాను. ఇంటికొచ్చి స్నానం చేసి నా డైరీ రాసుకునేవాణ్ణి. డైరీలు ఇప్పటికీ రెండు ట్రంకు పెట్టెల్లో ఏడాదుల వారీగా ఉన్నాయి. ఏ రోజు వాన పడిందో, ఏ రోజు పంపు పాడైందో అడిగితే చెప్పగలను.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ అప్పజెప్పి కరీంనగర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాను. కూతురు హుజూరాబాద్ అవతల ఒక ఊళ్లో ప్రభుత్వ బడి టీచర్. పొద్దున బస్సెక్కితే సాయంత్రం ఆరింటికి వస్తుంది. అల్లుడిది ఆదిలాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం వచ్చి ఆదివారం సాయంత్రం బస్సుకు పోతాడు. పగటిపూట ఇంట్లో ఉండేది నేనూ, మనవరాలూ.

మనవరాలు ఇంటర్ పూర్తిచేసింది. మొదటిసారి మెడికల్ ఎంట్రెన్స్‌లో సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరింది. పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా క్లాసులు, ప్రతి ఆదివారం పరీక్ష. దసరా దాటినప్పటి నుంచి ఆదివారం పొద్దున ఆమెకు వాంతులు మొదలయ్యాయి. చేతులు చల్లబడేవి. ఇంట్లో గడగడా చెప్పిన జవాబులు పరీక్షలో గుర్తుకు రావడం లేదంది. మార్కులు పడిపోయాయి. అదే సమయంలో ఫోన్‌లో ఆట పెరిగింది. ఈ రెండూ పక్కపక్కన కనబడేసరికి మాకెవరికీ అనుమానం మిగల్లేదు.

"మామా, ఒక్క నెల రాయుండ్రి" అన్నాడు అల్లుడు. "గా ఆటతోనే అయితుందని తేలితే హైదరాబాద్ హాస్టల్ల ఏస్త. ఫోన్ గేటు కాన్నే గుంజుకుంటరట. సీటు మాట్లాడిన. నెలాఖరు దాక ఆపుతమన్నరు."

మనవరాలు ఆ మాట విని లేచి తన గదిలోకి పోయింది. మరునాడు నాకు చాయ్ తెచ్చిచ్చి, గ్లాసు వదలకుండా పట్టుకునే అడిగింది. "నన్ను పంపనియ్యకు తాతా. ఆడ నాతోని కాదు."

"పుస్తకం ఏం చెప్తే అది, బిడ్డా" అన్నాను.

కొత్త నోటుబుక్కు తీసి ఐదు గడులు గీశాను. తేది, సమయం, చూసింది, చేసింది, కారణం. గీతలు స్కేలుతో గీశాను. మొదటి రోజు నుంచే పుస్తకం అందంగా నిండసాగింది. సోమవారం, రెండు నలభై: కోచింగ్ నుంచి వచ్చింది, అన్నం సగం వదిలేసింది, పెరుగు పోసి ఇచ్చాను, కారణం ఫోన్. మూడు ఐదు నుంచి ఐదు నలభై వరకు: ఆట, పిలిస్తే పలకలేదు, మూడోసారి తలుపు కొట్టాను, కారణం ఫోన్. ఆదివారం, ఆరు ఇరవై: వాంతి ఒకసారి, చేతులు చల్లగా ఉన్నాయి, నిమ్మరసం ఇచ్చాను, కారణం ఫోన్.

మనవరాలు నా రాతను ఎగతాళి చేసేది.

"తాతా, తుమ్మిన. రాసుకో."

"రాసిన."

"కారణం?"

"దుమ్ము."

"అయ్యో, ఫోన్ కాదా? జర మంచిగ చూసి రాయ్."

నేను నవ్వలేదు. పని చేసేటప్పుడు నవ్వే అలవాటు నాకు లేదు.

నాలుగో వారంలో బుధవారం మధ్యాహ్నం వరండాలో పేపరు చదువుతున్నాను. మూసిన తలుపు వెనక నుంచి మనవరాలి అరుపు వినబడింది.

"గ్యాస్ వస్తుంది! గ్యాస్ వస్తుందే, ఉరుకు! నాతోని కాదు, నేను పడిపోయిన. నువ్వు పో, నువ్వు పో!"

ఆ తర్వాత నేనేం చేశానో వరుసగా చెప్పగలను, ఎందుకంటే అదే రోజు రాసిపెట్టుకున్నాను. వంటింట్లోకి పోయి సిలిండర్ కట్టేశాను. కిటికీలన్నీ బార్లా తీశాను. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాను. పైవాటాలో ఉండే ఆవిడకు వినబడేలా "లైటెయ్యకుండ్రి! అగ్గిపుల్ల గియ్యకుండ్రి!" అని అరిచాను. తలుపు నెట్టి, మంచం మీద ఉన్న మనవరాలిని రెక్క పట్టి, వరండా దాటించి, గేటు బయట రోడ్డు మీద నిలబెట్టాను. డెబ్బై దాటిన మనిషికి ఇదంతా నిమిషం కూడా పట్టలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ గర్వమే.

వంటగ్యాస్‌కు వాసన ఉంటుంది. ఒక్కసారి ముక్కుతో చూసి ఉంటే ఏమీ లేదని తెలిసేది. కానీ బాయిలో పుట్టే గ్యాస్‌కు వాసన ఉండదు. మేం దీపం ఒత్తి తగ్గించి, మంట మీద నీలిరంగు టోపీ లేస్తుందా అని చూసి పట్టుకునేవాళ్లం. ముక్కును నమ్మినవాడు సర్దార్ కాలేడు. అందుకే ఆ రోజు కూడా నేను నమ్మలేదు.

మనవరాలి మెడలో ఇయర్‌ఫోన్ల తీగ వేలాడుతోంది. చేతిలో ఫోన్ అలాగే ఉంది. ఆ లాగులాటలో తీగ ఊడినట్టుంది, ఫోన్‌లోంచి ఒక అమ్మాయి గొంతు బయటికి వినబడుతోంది.

"ఏమైందే? గా లొల్లి ఏంది? మర్ గయీ క్యా, సచ్చినవా?"

"లేదే" అంది మనవరాలు, ఊపిరి అందక. "మా తాత నన్ను కాపాడిండు. నిజంగనే గుంజుకొచ్చి రోడ్డు మీద వెట్టిండు."

ఆ అమ్మాయి నవ్వింది. మనవరాలు గేటు పట్టుకుని నవ్వి, నిలబడలేక మెట్టు మీద కూర్చుని నవ్వింది. పైవాటా ఆవిడ కిందికి వంగి "ఏమైంది పెద్దాయినా, అగ్గి ముట్టియ్యొచ్చా ఇగ? పొయ్యి మీద పప్పున్నది" అని అడిగింది. నాకు కోపమొచ్చింది.

"గ్యాస్ అన్న మాటతోని ఆటలా? బాయిల గా మాట ఎవడన్న అన్నడంటే రెండోసారి అడిగెటోడు ఉండడు. తట్ట ఆడ్నే, చెమ్మస్ పార ఆడ్నే వడేసి ఉరుకుడే."

ఆమె నవ్వు ఆపింది. "తప్పయింది తాతా. ఆటల ఉంటది గా గ్యాస్. అన్ని దిక్కుల కెళ్లి దగ్గరికొస్తది. అండ్ల చిక్కితే పానం తగ్గుకుంట పోతది. అది రాకముందుగాల్నే నడిమిట్లకు ఉరకాలె."

"ఎంతసేపట్ల?"

"టైమ్ స్క్రీన్ పైన పడుతది."

"గాలి ఏ దిక్కుకున్నదో చూపిస్తదా?"

"గాలి ఉండది."

"గాలి లేకుంట గ్యాస్ ఎట్ల నడుస్తది?"

"రా, కూసో. సూపిస్త" అంది.

అట్లా నేను మొదటిసారి ఆ ఆట చూశాను. కొందరు విమానం నుంచి దూకుతారు. ఇళ్లలో దూరి తుపాకులు ఏరుకుంటారు. చుట్టూ గ్యాస్ మూసుకొస్తుంటే తప్పించుకుంటూ కాల్చుకుంటారు. పది నిమిషాలు చూసి నా సందేహం అడిగాను. "ముందుగాల పోయి చూసొచ్చెటోడు ఎవడు మీల?"

"ఎవ్వరు పోరు. అందరం ఒక్కపారే దుంకుతం."

"సర్దార్ లేని బాయా! గిందుకే సస్తున్నరు."

ఫోన్‌లోని అమ్మాయి మళ్లీ నవ్వింది. "తాతా, నువ్వొచ్చి మాకు సర్దార్‌వి గారాదు?" ఆమెది ఆదిలాబాద్. ఇంటర్ మా మనవరాలితో పాటు కరీంనగర్‌లో చదివి, ఇప్పుడు తమ ఊళ్లో ఉండి అదే పరీక్షకు చదువుతోంది. తండ్రికి కూలర్ల దుకాణం ఉందట. ఉర్దూ, తెలుగూ ఒకే ఊపిరిలో మాట్లాడుతుంది.

నేను అక్కడ ఉన్న సంగతి కాసేపటికి వాళ్లిద్దరూ మరిచిపోయారు.

"ఆర్గానిక్ కెమిస్ట్రీ అయిపోయిందా నీది?" అని అడిగింది మనవరాలు.

"యాడ అయ్యే! కుడిదిక్కు గోడెనక ఒకడున్నడు, చూడు. మొన్న ఆదివారం ఎట్లయింది నీకు?"

"గంట అయినంక సేతులు వణుకుడు వెట్టినై. ఓఎమ్మార్ షీట్ల గుండ్రాలు దిద్దరాలేదే. పెన్ను జారిపోతుంది. సస్తనేమో అనుకున్న."

"నాకు గట్లనే అయితుండె. మా ఊళ్ల మనసు డాక్టర్ సాబ్ కాడికి పోయిన. ఆయన ఏం చెప్పిండంటే, అట్ల కాంగనే పెన్ను కింద వెట్టి ఊపిరి మెల్లగ ఇడువాలె అన్నడు. పీల్చుడు కాదు, ఇడుసుడు ముఖ్యమట. అరే, ఎనక, ఎనక! కొట్టెయ్ వాణ్ణి!"

నేను మూడడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాను. ఆ ఆదివారం పరీక్ష నుంచి రాగానే "ఎట్లయింది బిడ్డా" అని అడిగింది నేనే. "మంచిగనే అయింది" అని చెప్పింది నాకే. పుస్తకంలో అలాగే రాశాను. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి చూస్తే గట్టి రాయి ఒక రకంగా మోగుతుంది, విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. ఆ తేడా పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని అనేవారు. ఇంట్లో ఆ జవాబు ఎంత డొల్లగా ఉందో నాకు వినబడలేదు.

ఆట అయ్యాక అడిగాను. "చేతులు వణుకుతున్నయని మాకెందుకు చెప్పలే?"

"నువ్వు రాసుకుంటున్నవ్ గద తాతా. చెప్తే గది గూడ రాస్తవ్. పక్కకు ఫోన్ అని ఏస్తవ్."

ఆమె కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పింది.

సాయంత్రం కూతురు రాకముందే నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. తప్పు వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. బాయి పుస్తకంలో కారణం అనే గడే ఉండదు. సర్దార్ చూసింది రాయాలి, తాను చేసింది రాయాలి. ఎందుకు జరిగిందో తేల్చేది ఆ తర్వాత విచారణ చేసేవాళ్లు. కొత్తగా సర్దార్ అయిన రోజుల్లో "నీళ్ల వల్ల పైకప్పు వదులైంది" అని రాసినందుకు మా పై అధికారి ఓవర్‌మన్ నన్ను పదిమందిలో తిట్టాడు. "కన్నది రాయ్, కొట్టి చూసింది రాయ్. అనుకున్నది రాసినవంటే గీ పుస్తకంతోనే నీ నెత్తి మీద కొడ్త" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ రాయలేదు. ఇంటికొచ్చి, మనవరాలి విషయం వచ్చేసరికి, స్కేలు పెట్టి మరీ ఆ గడి గీశాను. గీసి, మొదటి రోజే నింపాను.

ఒక కాగితం మడిచి ఆ గడి మీద కప్పి మిగతా నాలుగు గడులు మొదటి నుంచి చదివాను. సమయం గడి ఒక్కటే చాలా చెప్పింది. ఆదివారం వాంతి ఆరు ఇరవైకి. అంతకుముందు శనివారమంతా ఆమె ఆట ముట్టుకోలేదు. మూడు వారాలూ అంతే. ఆట ఎక్కువసేపు సాగింది సోమవారాలు, అంటే కోచింగ్ వాళ్లు మార్కుల జాబితా వాట్సాప్‌లో పెట్టే రోజు. భయం ముందు, ఆట వెనక. నేను వాటిని తలకిందులుగా రాశాను.

అట్లాగని ఆట తప్పేమీ లేదని నేను వదిలెయ్యలేదు. తలుపు వెనక మాటలు వినబడ్డ, అంటే స్నేహితురాలితో ఆడిన రోజుల్లో గంటలో లేచి, అన్నం తిని, పుస్తకం తీసింది. ఒక్కతే ఆడిన రోజులు నాలుగున్నాయి. ఆ నాలుగు రోజులూ ఓడిపోయినకొద్దీ ఆడింది, తలనొప్పి అంది, తల్లి మీద విసుక్కుంది. తర్వాత అడిగితే ఆ రోజుల్లో ర్యాంకు కోసం ఆడానంది. ఇక్కడా ర్యాంకేనా అన్నాను. "అలవాటైపోయింది తాతా" అంది.

శనివారం అల్లుడు వచ్చి, కాళ్లు కడుక్కుని, పుస్తకం అడిగాడు. కూతురు చాయ్ పెట్టింది. మనవరాలిని కూడా అక్కడే కూర్చోమన్నాను. అల్లుడు పేజీలు తిప్పి సంతోషించాడు.

"తేలిపాయె గద మామా. మీరే రాసిండ్రు. ఫోన్, ఫోన్, ఫోన్. రేపే హాస్టల్‌కు ఫోన్ చేస్త."

"గా గడి తప్పు అల్లుడూ" అన్నాను. పుస్తకం తీసుకుని, పెన్ను తీసి, మొదటి 'ఫోన్' మీద ఒక గీత గీసి పక్కన సంతకం పెట్టాను. రెండోదాని మీద పెట్టాను. మా పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు. కింది మాట కనబడేలా ఒక్క గీత కొట్టి, కొట్టినవాడు సంతకం చేయాలి. అన్నీ కొట్టేదాకా వాళ్లు ముగ్గురూ నన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఏంది మామా గిది?" అన్నాడు అల్లుడు. "మీరు గూడ ఆమెతోని ఆడుతున్నరట గద. పైవాటా ఆమె చెప్పింది. ఆడెటోళ్లు గిట్లనే చెప్తరు."

"ఆడిన. దుంకినన్ని సార్లు గ్యాస్ల పడ్డ. గది వేరే ముచ్చట. మీరు గా గడి మీద చెయ్యి వెట్టి మిగతయి చదువుండ్రి."

చదివాడు. బ్యాంకు మనిషి కదా, వరుసలు చూడటం వచ్చు. శనివారాల దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి తిప్పాడు. తర్వాత మనవరాలిని అడిగాడు. "పరీక్షల ఏమైతుంది నీకు? నాకు చెప్పు."

మనవరాలు చెప్పింది. వణుకు సంగతి, పెన్ను జారడం, ప్రశ్న నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కకపోవడం. "హాస్టల్ల రోజు పరీక్షనట డాడీ. ఫోన్ తీసుకుంటే తీసుకోని. ఆడ గిట్లయితే చెప్పుకునుడు ఎవరికి? నన్ను డాక్టర్ కాడికి తోల్కపోండ్రి."

"ఏ డాక్టర్?" అంది మా కూతురు. "పిచ్చి డాక్టరా? నలుగురు ఏమంటరే!"

"మీ బడిల పిల్లకు బోర్డు కనబడకపోతే అద్దాల డాక్టర్ కాడికి నువ్వే తోల్కపోయినవ్ గదమ్మా. నలుగురిని అడిగి పోయినవా?"

అల్లుడు నా వైపు తిరిగాడు. "మామా, హాస్టల్ వద్దన్నరనుకో. ఈసారి గూడ సీటు రాలేదనుకో. అప్పుడు?"

"అప్పుడు గా తప్పు నా పేరు మీద రాయుండ్రి. గిప్పుడే సంతకం పెట్టిస్త" అన్నాను. అంత ధైర్యంగా చెప్పడానికి నా దగ్గర ఆధారం ఉంది. ఈసారి చూసిందే చెబుతున్నాను.

ఆయన చాయ్ తాగి, ఫోన్ తీసుకుని వరండాలోకి పోయి, ఆ హాస్టల్ వాళ్లకు సీటు వద్దని చెప్పాడు.

తర్వాతి వారం కరీంనగర్‌లోనే మానసిక వైద్యుడి దగ్గరికి పోయాం. నా నోటుబుక్కు తీసుకెళ్లాను. నేను గీత కొట్టిన గడి ఆయన చూసి, మిగతావి శ్రద్ధగా చదివాడు. భయం ఒళ్లంతా ఎలా పాకుతుందో మనవరాలికి ఓపికగా చెప్పాడు. ఊపిరి వదలడం నేర్పాడు. ఆట మానిపించవద్దన్నాడు. రోజుకు ఒక గంట, స్నేహితురాలితో, మార్కులొచ్చిన రోజు ర్యాంకు ఆట మాత్రం వద్దన్నాడు. వారానికోసారి రమ్మన్నాడు.

ఒక్క వారంలో ఏమీ మారలేదు. తర్వాతి ఆదివారం కూడా వాంతి అయింది. ఇంకో ఆదివారం పరీక్ష మధ్యలో లేచి బయటికొచ్చింది. కోచింగ్ వాళ్లు నాకు ఫోన్ చేస్తే పోయి, చెరుకురసం తాగించి తీసుకొచ్చాను. ఆ పైవారం చివరిదాకా కూర్చుంది. నేను రాయడం ఆపలేదు, నాలుగు గడులతోనే. కాకపోతే ఇప్పుడు రాసే ముందు ఆమెకు చదివి వినిపిస్తున్నాను. ఒప్పుకుంటేనే రాస్తాను. "గది తీసెయ్ తాతా, గంత ఏడ్వలే" అని రెండుసార్లు దిద్దించింది కూడా.

అసలు పరీక్ష ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పడింది. అల్లుడు సెలవు పెట్టి వచ్చాడు. ముగ్గురం పరీక్ష కేంద్రం ఎదురుగా టార్పాలిన్ నీడలో నిలబడ్డాం. గంట గడిచాక అల్లుడు గేటు వైపు చూడటం మొదలుపెట్టాడు. ఆ గంట ఏమిటో ఆయనకూ తెలుసు. ఎవరూ బయటికి రాలేదు. గేటు తెరిచాక పిల్లల గుంపులో చివరగా వచ్చింది, చెమటతో జుట్టు మొహానికి అంటుకుని.

"వణుకు వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది తాతా. గంట అయినంక కరెక్టుగ వచ్చింది. పెన్ను కింద వెట్టిన. రెండు నిమిషాలు పోయినయ్, పోతే పోనీ అనుకున్న. మళ్ల పట్టుకున్న."

"ఎన్నొస్తయ్?" అన్నాడు అల్లుడు. కూతురు ఆయన మోచేతి మీద గిచ్చింది.

"తెల్వది డాడీ. అన్ని చదివిన. ఒక్కటి గూడ చదువకుంట ఇడువలే."

అల్లుడు నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చి, ఆటో పిలవడానికి ఎండలోకి నడిచాడు.